రెండు సెకన్లు

“మూడు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లు. ఫెయిల్!” అంటూ సెలెక్షన్ ఆఫీసర్ రవీందర్ లిస్టులో దుర్గ పేరు కొట్టేయబోయాడు.

“ఆగండ్రి సార్! ఆ పేరు కొట్టకండ్రి,” అంది ఆఫియా, కుర్చీలోంచి లేస్తూ. “ఈ గడియారం తప్పు నడుస్తున్నది.”

చర్ల బడి మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు తిరిగితే ఎనిమిది వందల మీటర్లు. మూడు నిమిషాల ఇరవై సెకన్లు మించకుండా ఉరికిన ఆడపిల్లకు క్రీడా హాస్టల్లో సీటు. లేటుగా వచ్చిన దుర్గ, అందరూ అయిపోయాక ఆఖరున ఒక్కతే ఉరికింది. ఇప్పుడు ముగింపు గీత పక్కనే మోకాళ్ల మీద కూలబడి రొప్పుతోంది. తండ్రి దూలయ్య తువ్వాలతో ఆమె మొహం తుడుస్తున్నాడు.

ఎర్ర అంకెలతో పరుగు టైం చూపే ఆ పెట్టె ఈ సెలెక్షన్ల కోసం ఆఫియా తయారు చేసిందే. ఖమ్మంలో ఓ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతుందామె. దుర్గ ఉరుకుతున్నంతసేపూ ఆమె చూపు అంకెల మీదే ఉంది. రౌండ్లు లెక్కపెట్టే రవీందర్ ఈల వినగానే మీట నొక్కింది. తీరా చూస్తే, పొద్దున తొమ్మిదికి తన చేతి గడియారంతో కలిపి పెట్టిన పెట్టె పన్నెండయ్యేసరికి ఐదు నిమిషాలు ముందుంది.

“గిప్పుడు చెప్తే ఎట్ల మేడం? పొద్దటి సంది నలభై మంది ఉరికిన్రు,” అన్నాడు రవీందర్ చిరాగ్గా.

“తప్పు నాదే సార్.”

నిజంగానే తప్పు ఆమెదే. చిప్‌కి బయట, టిక్కు తప్పకుండా నడిపే క్రిస్టల్ తగిలిస్తే టైం తేడా రాదని ఏటా పిల్లలకు పాఠం చెప్పేది ఆమే. తొందరలో ఆ పని మానేసి, చిప్ లోపల ఉండే టిక్కుల్నే నమ్ముకుంది. ఇంట్లో నీడపట్టున అది బుద్ధిగానే నడిచింది. ఇక్కడి ఎండకు పెట్టె పెనంలా కాలి, టిక్కులు జోరందుకున్నాయి. ఎవరి పిల్లల బతుకుల మీదో తన బద్ధకం వచ్చి పడింది.

“మళ్ల ఉరికిద్దామా సార్?”

“ఏంది ఉరికిచ్చేది? ఆ పిల్లల కాళ్లు చూడండ్రి. రెండు గంటలకు లిస్టు పోవాలె. ఎంత తప్పుందో లెక్కగట్టి చెప్పండ్రి. గంట టైం ఇస్తున్న.”

ఆఫియా పెట్టెను ఎండలోంచి కదపలేదు. పక్కనే చేతి గడియారం పెట్టి కూర్చుంది. గడియారంలో పది నిమిషాలు గడిచేసరికి పెట్టెలో పది నిమిషాల పద్దెనిమిది సెకన్లు. రెండోసారి చూసింది. అదే పద్దెనిమిది. అంటే నూటికి మూడు ఎక్కువ.

రేపు మగపిల్లల పరుగుంది. వాళ్లకైనా అన్యాయం జరగకూడదని పెట్టె విప్పి, బ్యాగులో ఉన్న గోరంత క్రిస్టల్‌ని చిప్‌కి టంకం పెట్టింది. లాప్‌టాప్ తగిలించి ప్రోగ్రాం మార్చింది. మళ్లీ ఎండలో పెట్టి చూస్తే పది నిమిషాలకు పది నిమిషాలే. ఒక్క సెకను కూడా తేడా లేదు.

అప్పుడు ఆడపిల్లల లిస్టు ముందేసుకుంది. మూడు ఇరవై ఐదు అని పడ్డ పిల్ల నిజానికి మూడు పంతొమ్మిదిలో వచ్చింది. మూడు ఇరవై నాలుగు పిల్ల మూడు పద్దెనిమిదిలో. ఇద్దరూ పాస్. ఆశగా దుర్గ పేరు దగ్గరికొచ్చింది. మూడు ఇరవై రెండు!

ఇంకా రెండు సెకన్లు.

మళ్లీ కట్టింది. అంతే వచ్చింది. నూటికి మూడు అన్నచోట నాలుగు అని వేస్తే దుర్గ సరిగ్గా మూడు ఇరవైకి వస్తుంది. ఎవరడుగుతారు? పెన్ను కాగితం మీద ఆనించింది. చివరికి మూడే వేసింది.

“ఇద్దరు ఎక్కిన్రు. ఆ పిల్ల మాత్రం లేదు,” అని రవీందర్ సంతకం చేసి జీపెక్కాడు.

“ఏమాయెనమ్మా?” అంటూ దూలయ్య ఎదురొచ్చాడు. ఆఫియా చెప్పింది. ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని, “పోనీ తియ్యమ్మా. నువ్వు మాత్రం ఏం జేస్తవ్. నీ చేతుల ఉన్నది జేసినవ్,” అన్నాడు. ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

దుర్గ వరండా మెట్టు మీద కూర్చుని పాదంలో దిగిన ముల్లు తీసుకుంటోంది. ఆఫియా వెళ్లి పక్కన కూర్చుంది.

“రెండే సెకన్లు, దుర్గా. వచ్చే ఏడు మళ్ల రా. గడియారం బాగుచేసిన. గప్పుడు నీకు అన్యాయం కాదు.”

“వస్త అక్కా, వచ్చే ఏడు జల్దీ వస్త,” అంది దుర్గ తలెత్తకుండానే. “లేటొచ్చినోళ్లతోని ఐదు రౌండ్లు ఉరికిపిస్తరని నాకు ఎర్కలేకుండె.”