మంగినపూడి దాకా లడ్డూ

“వద్దంటే ఇప్పుడే చెప్పండి. తర్వాత నాతో ఒక్కమాటైనా చెప్పలేదేం అంటే ఊరుకోను” అంది రేవతి.

మోహన్ ఎలా చెబుతాడు? పళ్ళ మధ్య చెంచా ఉంది. చెంచాలో తొక్కుడు లడ్డూ ఉంది. బందరు కోనేరు సెంటర్ నుంచి మంగినపూడి బీచ్ దాకా, దాదాపు పది కిలోమీటర్లు, చెయ్యి తగలకుండా, లడ్డూ కింద పడకుండా నడిచి రికార్డు కొట్టాలని అతగాడి పంతం. పేపర్లో ఫోటో పడాలి. దాన్ని ఫ్రేము కట్టించి తన సెల్‌ఫోన్ల షాపులో కౌంటరు వెనక తగిలించాలి. గోడకి మేకు కూడా ముందే కొట్టేశాడు.

ఒంటరిగా అయ్యే పనా ఇది? బావమరిది రత్నరాజు పక్కనే నడుస్తూ ఒక చేత్తో గొడుగు పట్టి, రెండో చేత్తో కాకుల్ని తోలుతున్నాడు. రికార్డు వాళ్ళకి మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా ఆగని వీడియో కావాలి. అందులో మనిషి మొహమూ, లడ్డూ కనబడుతూనే ఉండాలి. ఆ పని రేవతిది. ఎదురుగా ఫోన్ ఎత్తి పట్టుకుని ఆవిడా నడుస్తోంది. పెళ్ళయ్యాక మొగుడు ఎదురు చెప్పకుండా ఇంతసేపు తన మాట వినడం ఇదే మొదలు. అలాంటి అవకాశం ఏ ఇల్లాలు వదులుకుంటుంది?

“చిలకలపూడిలో ఆ మూల కొట్టు ఖాళీగా ఉంది కదండీ. అందులో నేను కర్రీ పాయింట్ పెడతాను. ఏమంటారు?”

“ఊఁ ఊఁ” అన్నాడు మోహన్ కళ్ళెర్రజేసి. వీల్లేదని అతని ఉద్దేశం.

“బావ సరేనన్నాడక్కా” అన్నాడు రత్నరాజు. “అక్కా, గొయ్యి. కొంచెం ఎడం పక్కకి రా.”

రేవతి పక్కకి జరిగింది. చేతిలో ఫోన్ మాత్రం కదల్లేదు.

“గోంగూర రొయ్యలు, చేపల పులుసు నేను చేస్తాను. ఇక సాయంత్రాలు ఇంట్లో పొయ్యి వెలిగించను. మీరు కూడా కొట్టుకొచ్చి పార్సిల్ పట్టుకెళ్ళండి. లైన్లో నిలబడి.”

మోహన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎండకి లడ్డూలోని నెయ్యి కరిగి గడ్డం మీదుగా కారుతోంది. నోరు తెరిచి దులిపేద్దామంటే రికార్డు పోతుంది. తెరవకపోతే ఇల్లు పోయి హోటలొస్తుంది. ఏం చేస్తాడు పాపం, గుడ్లు మిటకరిస్తూ నడిచాడు. ఆటోవాళ్ళు ఆగి మరీ చూశారు. తాళ్ళపాలెం దగ్గర చేపల తట్టలతో వస్తున్న ఆడవాళ్ళు “ఏం మొక్కుకున్నాడో ఏమో” అనుకుంటూ దారిచ్చారు.

సముద్రం హోరు వినబడింది. ఇసక కనబడింది. అక్కడ పందిరి కింద, రికార్డుల సంస్థ తరఫున వచ్చిన కాంతారావు గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇంకో నాలుగడుగులు వేస్తే చాలు. సంతోషంతో మోహన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అన్నట్టు, క్యాష్ కౌంటర్లో మా తమ్ముణ్ణి కూర్చోబెడతాను” అంది రేవతి.

“వీడినా?” అన్నాడు మోహన్.

చెంచాతో సహా లడ్డూ ఇసకలో పడింది. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఒక కుక్క, లడ్డూ అంతా తినేసి, ఇంకా ఉందా అన్నట్టు మోహన్ మొహంలోకి చూసింది.

మోహన్ అక్కడే చతికిలబడ్డాడు. రేవతికి ఏడుపొచ్చింది. “అయ్యో, అంతా నా నోటివల్లే కదండీ. రెండు నిమిషాలు ఊరుకుంటే పోయేది” అంటూ కొంగుతో అతని గడ్డం తుడిచింది. కర్రీ పాయింట్ మాట ఇంక ఎత్తనులెండి అని కూడా అనబోయింది గానీ, ఆవిడ అదృష్టం, ఈలోగా కాంతారావు గారు లేచి వచ్చారు.

ఆయన ఫోన్ తీసుకుని వీడియో అటూ ఇటూ జరిపి చూశారు. “లడ్డూ సంగతి సరే. ఇదెవరు తీశారమ్మా? బండి మీద కూర్చునా?”

“లేదండీ. నడుస్తూనే తీశాను.”

“ఎక్కడ చూసినా ఆయన మొహమే కనబడుతోంది. అంటే మీరు...”

“వెనక్కే నడిచానండీ. ఆయన మొహం పడాలన్నారు కదా.”

“బందరు నుంచి ఇక్కడిదాకానా? వెనక్కి తిరిగి చూసుకోకుండానా?”

“తిరిగితే వీడియో ఊగిపోతుందన్నారండీ ఈయన.”

కాంతారావు గారు ఆవిడకి దణ్ణం పెట్టినంత పని చేశారు. “లడ్డూలూ నిమ్మకాయలూ మోసినవాళ్ళు మా దగ్గర బోలెడుమంది ఉన్నారు. ఇంత దూరం వెనక్కి నడుస్తూ, కబుర్లు చెబుతూ, వీడియో తీసిన మనిషి ఒక్కరూ లేరు. ఈ రికార్డు మీదేనమ్మా. కాకపోతే మీరు నడిచినట్టు ఎక్కడా వీడియో లేదు. వచ్చే ఆదివారం మళ్ళీ నడవండి. ఈసారి మీవారు తీస్తారు.”

మోహన్ ఇసక దులుపుకుని లేచాడు. తనది పోయినా ఇంట్లోకి ఒక రికార్డు వస్తోందని ప్రాణం కాస్త కుదుటపడింది. “తప్పకుండా తీస్తానండీ. ఎలా నడవాలో, ఎక్కడ అడుగేయాలో దారి పొడుగునా నేనే చెబుతుంటాను” అన్నాడు.

రేవతి వంగి ఇసకలోని చెంచా తీసింది. కొంగుతో శుభ్రంగా తుడిచి అతని చేతిలో పెట్టింది.

“అలాగే తీద్దురుగాని. ముందు ఇది నోట్లో పెట్టుకోండి.”