కాఫీ మిషన్ గ్యారంటీ

కమలాకర్ కాఫీ మిషన్ ఎంచుకోవడం మొదలుపెట్టి నాలుగు నెలలయింది.

అంతకుముందు ఆ ఇంట్లో కాఫీ తాగినవాళ్లు లేరు. పొద్దున చాయ్, సాయంత్రం చాయ్. హైదరాబాదులో ఒక పెళ్లిలో గోరంత కప్పులో నల్లటి ఎస్ప్రెసో ఇచ్చారు. పక్కనున్న పెద్దమనిషి కళ్లు మూసుకుని తాగాడు. కమలాకర్ కూడా మూసుకున్నాడు. తెరిచేసరికి తనే వేరే మనిషైపోయాడు.

నల్లగొండ తిరిగొచ్చి రిజిస్టరు తెరిచాడు. పదకొండు మిషన్లు, ఒక్కోదానికి నాలుగు పేజీలు. ఒత్తిడి ఎంత, బాయిలర్ ఇత్తడిదా ఉక్కుదా, గింజలు నూరే పళ్లు ఏ ఆకారం. చివరికి గ్రైండర్ మిషన్‌లోనే కలిసి ఉండాలని తీర్మానించాడు. ఆ తీర్మానానికే మూడు వారాలు పట్టింది. గ్రైండర్ చెడితే మిషన్ మొత్తం రిపేరుకు పోతుందని ఒక వారం భయపడ్డాడు. విడిగా కొంటే వంటగట్టు మీద జాగా చాలదని ఇంకో వారం టేపు పెట్టి కొలిచాడు. మూడో వారం మేనమామ దశదినకర్మకు వెళ్లి, నూరిన పావుగంటలో గింజ ప్రాణం పోతుందని పిండాలు పెట్టిస్తున్న అయ్యగారికి వివరించి వచ్చాడు.

"మిక్సీ ఉన్నది కదండీ" అంది భార్య నవనీత.

కమలాకర్ జాలిగా చూశాడు. "మిక్సీ కొడ్తది నవనీతా. గిది నూర్తది. కొట్టుడు వేరు, నూరుడు వేరు."

"మరి మనింట్ల కాఫీ తాగేదెవరు?"

"తాగుడు తర్వాత సంగతి. నేను ఏదన్న పరీక్ష చెయ్యంది ఒప్పుకునే మనిషినేనా?"

నవనీత బియ్యం ఏరుకోవడానికి వెళ్లిపోయింది.

మంగళవారం మిషన్ వచ్చింది. కమలాకర్ ఆఫీసులో పర్మిషన్ పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. దాన్ని బిగించడానికి కంపెనీ మెకానిక్ శ్రీశైలం వచ్చాడు. నలభైకి దగ్గరి మనిషి. నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు. గుట్కా తింటాడు కాబోలనుకున్న కమలాకర్, మిషన్ ముట్టుకోనిచ్చే ముందు రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగించాడు.

"ఏ నీళ్లు పోస్తరు సార్?" అడిగాడు శ్రీశైలం.

"మా బోరు నీళ్లే."

శ్రీశైలం సంచిలోంచి వేలెడంత కాగితం ముక్క తీసి చెంబులో ముంచాడు. పచ్చగా ఉన్నది ఎర్రగా అయింది.

"గీ నీళ్లు వద్దు సార్. ఆర్నెల్లల్ల లోపల సున్నం పేరుకుంటది. పైపులు బిగుసుకపోతయి. గ్యారంటీ గూడ వర్తించదు."

కమలాకర్ చెంబును వెలుతురుకు ఎత్తి చూశాడు. "కండ్లకు తేటగనే ఉన్నయి కదా!"

"తేటగుంటే ఏమున్నది సార్. ముంచి చూస్తెనే తెలుస్తది."

కమలాకర్ చెంబును మిషన్‌కు దూరంగా, తేలును తీసేసినట్టు తీసేశాడు. స్కూటర్ మీద వెళ్లి రెండు నీళ్ల క్యాన్లు తెచ్చాడు. మొదటి క్యాన్‌లో కాగితం కొద్దిగా ఎరుపు తిరిగింది. అంతే, నీళ్ల ప్లాంటు ఓనరుకు ఫోన్ కలిపాడు.

"నీళ్లు అమ్ముతున్నవ్, పరీక్ష చేసుకునే పని లేదా? మందికి ఏం తాపుతున్నవో నీకన్న తెలుసా?"

రెండో క్యాన్ పాసయింది. మిషన్ వేడెక్కుతుంటే కమలాకర్ మనసు కూడా కుదుటపడింది.

"నీది ఏ ఊరు?"

"మర్రిగూడ దిక్కు సార్. గట్టుకిందిగూడెం." శ్రీశైలం మిషన్ కింద చుక్కలు తుడుస్తూ చెప్పాడు. "ఇందాక పైపులు బిగుసుకపోతయన్న కదా, మా నాయిన గాలయ్యకు గట్లనే అయింది. నలభై ఏండ్లకే మోకాళ్లు పట్టేసినయి. వంగిన నడుము మల్ల లేవలే. పైపు నీళ్లు రెండు రోజులు వస్తే నాలుగు రోజులు రావు. మిగిలిన దినాలు గా బోరే దిక్కు."

"దవాఖానకు తీస్కపోయినవా?"

"ఫ్లోరైడ్ ఎముకల్లకు ఎక్కినంక ఏం చేస్తరు సార్. మీ మిషన్ అదృష్టం మంచిది. గిసొంటి కాయితం ముక్క మా ఊరి నీళ్లల్ల ఇప్పటిదాక ఎవరు ముంచలే."

కప్పులు ముందుగా వేడి చేయాలన్న సంగతి కమలాకర్‌కు అప్పుడే గుర్తొచ్చింది. గబగబా లేచి ఆ పనిలో పడ్డాడు.

గ్రైండర్ గరగరమంది. ఇల్లంతా కమ్మని మాడు వాసన. చిక్కటి కాఫీ తేనె తీగలాగా దిగింది. నవనీత ఒక్క గుక్క తాగి, మొహం ముడుచుకుని, చాయ్ పెట్టుకోవడానికి లేచింది. శ్రీశైలం తనకు వద్దన్నాడు. కమలాకర్ మాత్రం కళ్లు మూసుకుని చివరి చుక్కదాకా తాగాడు.

"క్యాన్ నీళ్లు తప్ప ఒక్క చుక్క వేరేది పడొద్దు" అని నవనీతకు రెండుసార్లు చెప్పి బయల్దేరాడు.

ఆఫీసుకు చేరేసరికి పన్నెండయింది. నాలుక మీద చేదు ఇంకా ఆరకముందే ఏటా వచ్చే ఫైలు తెరిచి, గట్టుకిందిగూడెం బోరు నీళ్లను స్వయంగా పరీక్షించామని, అవి మనుషులు తాగడానికి అన్నివిధాలా మంచివని రాసి ఉన్న కాగితం కింద, నీటి పరీక్షల అధికారిగా కమలాకర్ వరుసగా నాలుగో ఏడాది సంతకం పెట్టాడు.