రెండు దెబ్బలు తక్కువ

“సుత్తితో కొట్టింది నువ్వే కదూ?” నిచ్చెన దిగిన కప్పు మేస్త్రీ డారెల్‌ను నిలదీసింది వెర్నా.

ఇంటి కప్పు మీద వడగళ్ళ దెబ్బలు ఎనిమిది కనిపిస్తేనే బీమావాళ్ళు కొత్త కప్పు వేయిస్తారు. ఇప్పుడే వచ్చి చూసిన అధికారి, అందులో రెండు సుత్తి దెబ్బలని తేల్చి, క్లెయిమ్ మొత్తం కొట్టేసి వెళ్ళాడు.

“ఆరే ఉన్నాయి, లాభం లేదని మొన్న మీ ఇద్దరికీ చెప్పింది నేనే కదమ్మా.”

“మరి ఎవరెక్కారయ్యా? మోకాళ్ళు వంగని మా ఆయనా?”

డారెల్ వరండా వైపు ఒకసారి చూసి, నిచ్చెన ట్రక్కులో వేసుకున్నాడు.

వరండాలో కూర్చున్న ఆమె భర్త లాయిడ్ తలెత్తలేదు. అతని ప్యాంటు మోకాళ్ళకు కప్పు పలకల మీద అద్దే నల్లని ఇసుక అంటుకుని ఉంది.

ఊళ్ళో తుఫాను సైరన్ మళ్ళీ మొదలైంది. వెర్నా వంగి ఆ ఇసుక దులిపింది.

“డారెల్ రెండే కదా తక్కువన్నాడు,” అన్నాడు లాయిడ్.