ముందు బండి

అన్న కొట్టిన మొదటి దెబ్బకే తమ్ముడి ముందుపన్ను ఊడి కారు బానెట్ మీద పడింది.

గొడవంతా చోటు కోసం. చిన్న ఊళ్ళో కట్టిన అంతర్జాతీయ విమానాశ్రయం అది. ఊరు చిన్నదైనా హంగులకు తక్కువ లేదు. దగ్గరికెళితే వాటంతటవే తెరుచుకునే అద్దాల తలుపులు, సామాన్లు మోసుకొచ్చే బెల్టు, పాస్‌పోర్టులు చూసే కౌంటర్లు, సెంటుసీసాల దుకాణం. విదేశాల నుంచి దిగేవాళ్ళతో ఊరి దశ తిరుగుతుందని పేపర్లో రాశారు. అన్నదమ్ములు ఆ రాత నమ్మి, నడుస్తున్న సైకిలు షాపు మూసేసి చెరో టాక్సీ కొన్నారు.

టాక్సీల వరుసకు ఒకటే కట్టుబాటు. ముందు బండికి బేరం తగిలేదాకా వెనక బండి కదలకూడదు. ముందు బండి అన్నది, దాని వెనకది తమ్ముడిది. తమ్ముడి భార్య లోపల నేల తుడుస్తుంది. రెండిళ్ళలో పొయ్యి వెలిగేది ఆవిడ జీతంతోనే. రోజూ ఇంటికెళ్ళేసరికి అన్నకు పెళ్ళాం సాధింపు, ఇవాళైనా బేరం తగిలిందా అని.

ఆ పొద్దున గేటు దగ్గర గార్డు, ఇవాళ విమానం ఖాయం, పైనుంచి ఫోనొచ్చిందని చెప్పాడు. డ్రైవర్లంతా చొక్కాలు సర్దుకున్నారు. అన్న మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి తమ్ముడి బండి తన బండిని దాటి ముందుకొచ్చి నిలబడి ఉంది.

"నీ బండి స్టార్టవదన్నయ్యా. నిలబడి నిలబడి బ్యాటరీ చచ్చింది. దిగినవాళ్ళ చేత తోయిస్తావా? ఈ ఒక్క బేరానికి నన్ను పోనీ" అన్నాడు తమ్ముడు.

అప్పుడు పడింది ఆ మొదటి దెబ్బ.

తమ్ముడూ తక్కువ తినలేదు. నోట్లో నెత్తురు ఉమ్మేసి, తలతో అన్న కడుపులో కుమ్మాడు. ఇద్దరూ కింద పడి దొర్లారు. అన్న ముందుగా లేచి, వాడి చెయ్యి కారు తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. వేళ్ళు నలిగిన చప్పుడు వెనక బండివాళ్ళకూ వినిపించింది. తమ్ముడు రెండో చేత్తో అన్న చెవి దొరకబుచ్చుకుని తెగేదాకా లాగాడు. విడదీయబోయిన ముసలి డ్రైవరుకి మోచెయ్యి తగిలి ముక్కు పగిలింది. ఇక ఎవరూ దగ్గరికి పోలేదు. అన్నదమ్ముల మధ్య దూరినవాడికి రెండువైపులా తన్నులే.

ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. తమ్ముడి మీద ఈగ వాలితే ఊరుకోని అన్న. ఆ అన్నే డిక్కీ తెరిచి చక్రాలు విప్పే రాడ్డు తీశాడు.

"తియ్యి బండి."

"తియ్యను."

రాడ్డు భుజం మీద పడింది. ఎముక విరిగింది. రెండో దెబ్బ తల మీద పడింది. తమ్ముడు తన బండి ముందుచక్రం పక్కనే కూలిపోయాడు. చెవిలోంచి నెత్తురు కారింది. మూడోసారి ఎత్తిన చెయ్యి, వాడు కళ్ళు తేలేయడం చూసి ఆగిపోయింది. అన్న రాడ్డు పారేసి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు.

అద్దాల తలుపులు తెరుచుకున్నాయి. తుడుపుకర్ర పట్టుకునే పరుగెత్తుకొచ్చింది తమ్ముడి భార్య. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది.

"నాన్న తర్వాత మీరేనని ఈయన అనేవారు బావగారూ" అంది.

ఊరి డాక్టరు వచ్చి చూశాడు. తలలో నెత్తురు గడ్డకడుతోందని, రోడ్డు మీద తీసుకెళితే పెద్దాసుపత్రి చేరకముందే ప్రాణం పోతుందని చెప్పేశాడు. విమానాశ్రయం మేనేజరు ఎవరెవరి కాళ్ళో పట్టుకుని, ఫోన్ల మీద ఫోన్లు చేశాడు.

గార్డు చెప్పిన విమానం రాలేదు. పెద్దాసుపత్రివాళ్ళ బుల్లి విమానం దిగింది. తమ్ముణ్ణి ఎక్కించారు. వదిలి ఉండనని భార్య తలుపు పట్టుకుని వేలాడింది. లోపల చోటు లేదు. విమానంలో డాక్టరుతో పాటు వచ్చిన మగనర్సుకు జాలేసింది. నువ్వెళ్ళమ్మా, నేను రైల్లో వస్తానని తన సీటు ఆమెకిచ్చి దిగిపోయాడు. ప్రాణం నిలబడుతుందనే ఆ డాక్టరు నమ్మకం. విమానం ఎగిరిపోయింది.

నర్సు సంచి భుజాన వేసుకుని, మెరిసే నేల మీదుగా నడిచి, అద్దాల తలుపుల్లోంచి బయటికొచ్చాడు. రైల్వే స్టేషనుకి ఎవరొస్తారని అడిగాడు.

ఒక్క డ్రైవరూ కదల్లేదు. అందరూ అన్న వైపు చూశారు. అతను ఇద్దరు పోలీసుల మధ్య, చేతులకు బేడీలతో, నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. చెవి నెత్తురు ఇంకా ఆగలేదు.

"ముందు బండి మా తమ్ముడిది సార్" అన్నాడు. "బేరం వాడిదే."

రిబ్బను కత్తిరించిన పెద్దలు కూడా కార్లలోనే వచ్చి కార్లలోనే వెళ్ళిన ఆ విమానాశ్రయంలో, కట్టిన ఇన్నేళ్ళకు, విమానం దిగి బయటికొచ్చిన మొట్టమొదటి ప్రయాణికుడు ఆ నర్సే.