రెండో ఇంజిన్

"ముందు బానెట్ మీంచి చెయ్యి తియ్!"

గంగరాజు అరుపుకు ముసలాయన చెయ్యి తీశాడు. అంతలోనే వంగి కారు కింద తడిమాడు.

తెనాలిలో ఇస్సాకు మెకానిక్ షెడ్డు అది. గంగరాజు పాత అంబాసిడర్ ఇంజిన్ పోయి అక్కడే పడి ఉంది. నిజాంపట్నం రేవులో తెల్లవారుజామున చేపలెత్తి, ఆ కారులో తెనాలి హోటలుకు చేర్చడం గంగరాజు బతుకుదెరువు. వారం నుంచి చేపలు సమయానికి చేరడం లేదు. సోమవారం కూడా చేరకపోతే వేరేవాళ్లను చూసుకుంటామని హోటలువాళ్లు తెగేసి చెప్పారు.

గంగరాజు మంచివాడే, నోరు తెరవనంత సేపు. ఆ వారంలో ఆ నోరు మూతపడిందే లేదు.

"ఇంజిన్ పోయిందా బాబూ?" అన్నాడు ముసలాయన.

"నీకెందుకు?"

"ఈ గేరుబాక్సు కారుతో పాటు వచ్చింది కాదు బాబూ. మామూలు ఇంజిన్ తెస్తే దీనికి కూర్చోదు. రేపల్లెలో మా ఇంట్లో ఒకటుంది. అదైతే సరిపోద్ది."

గంగరాజు ఆయన్ని ఎగాదిగా చూశాడు. మాసిన లుంగీ, చేతిలో గుడ్డసంచి, చూపు ఎటో. పాత ఇంజిన్ కావాలని నలుగురికీ చెప్పిన పాపానికి ఎక్కడెక్కడి బ్రోకర్లూ వచ్చి వాలుతున్నారు. బాపట్లలో ఒకడైతే ఇంజిన్ చూపిస్తానని రెండు రోజులు తిప్పి, ఫోన్ ఆపేసుకున్నాడు.

"ఎంతకిస్తావేంటి?"

"డబ్బులేం వద్దు బాబూ. తీసుకెళ్లండి."

దాంతో గంగరాజుకు ఒళ్లు మండింది.

"ఊరికే ఇస్తానంటే నమ్మడానికి నేనేమన్నా పిచ్చోణ్ణా? కారు వంక సరిగ్గా చూడనైనా లేదు, గేరుబాక్సు సంగతి చెప్పేస్తున్నావు. ఎవడు నేర్పి పంపాడ్రా నిన్ను?"

ఇస్సాకు కల్పించుకున్నాడు. "గంగరాజు గారూ, ఒక్కసారి ఆయన చెప్పేది విందామండి. నాకూ ఆ గేరుబాక్సు తేడాగానే ఉంది."

"ఓహో, నువ్వూ కలిశావా? ఇందులో నీ వాటా ఎంత?"

ఇస్సాకు స్పానర్లు తుడుచుకోవడంలో పడ్డాడు.

ముసలాయన మాత్రం కదల్లేదు. "ఒకసారి వచ్చి చూడండి బాబూ. నచ్చకపోతే వదిలెయ్యండి."

గంగరాజు ఆయన్ని రెక్క పట్టుకుని షెడ్డు బయటికి లాక్కెళ్లాడు. సంచి జారి కింద పడింది.

"నీ తుప్పు ముక్క నాకొద్దు! తీసుకెళ్లి పాత సామాన్ల బండికేసుకో!"

ముసలాయన నేల తడిమి సంచి అందుకున్నాడు.

"సరే బాబూ. కారు మీది. మీరే వద్దంటే ఇంకెందుకు?" అని గోడ పట్టుకుంటూ వెళ్లిపోయాడు.

శుక్రవారం బాపట్లలోనే ఇంకో బ్రోకరు దగ్గర్నుంచి ఇంజిన్ వచ్చింది. అచ్చం అదే రకం. పాతదాన్ని విప్పి తీసి, దీన్ని గొలుసు కట్టి దింపారు. తీరా గేరుబాక్సు దగ్గరికొచ్చేసరికి రెండు వేళ్ల సందు మిగిలింది. బోల్టు రంధ్రాలు కలవలేదు.

"ఇంకా నెట్టు!"

"నెడితే పగులుద్దండి," అన్నాడు ఇస్సాకు.

అతను విప్పిన పాత ఇంజిన్ వెనక ఏదో చూసి, గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

"ఇదుగో చూడండి. ఇంజిన్‌కీ గేరుబాక్సుకీ మధ్య చేత్తో చేసిన ఇనప ప్లేటు పెట్టారు. ఇంజిన్ పోయినప్పుడు ఇదీ పగిలింది."

గ్రీజు పోయాక ప్లేటు అంచున సుత్తితో కొట్టిన చుక్కలు బయటపడ్డాయి. చుక్కలన్నీ కలిపి చదివితే 'మీరా' అని ఉంది.

ఇస్సాకు ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. "రేపల్లె నాగుల్ మీరా మేస్త్రీ! మా గురువు గారు చెప్పేవారండి. చేసిన పని మీద పేరు కొట్టేవాడు ఆయనొక్కడే. ఈ కొలత ఆయన దగ్గర తప్ప ఎక్కడా దొరకదు. కాళ్లు పట్టుకునైనా చేయించుకోండి."

శనివారం గంగరాజు భట్టిప్రోలు మీదుగా వెళ్లే రేపల్లె బస్సెక్కాడు. కిటికీ సీటు కోసం అక్కడా ఒకరితో గొడవపడ్డాడు.

మేస్త్రీ ఇంటి ముందు ఆయన భార్య మున్నీసా బియ్యం ఏరుతోంది.

"మేస్త్రీ ఉన్నాడా? అంబాసిడర్‌కి ప్లేటు చెయ్యాలి. అర్జెంటు!" వాకిట్లోంచే కేకేశాడు గంగరాజు.

"పని మానేసి నాలుగేళ్లయింది బాబూ. కళ్లు పోయినయ్యి. తెనాలి కంటాసుపత్రికి తిరుగుతూనే ఉన్నాడు, లాభం లేదు."

గంగరాజు రెండడుగులు ముందుకేశాడు. "మరి ఆ కొలతతో చేసిన ఇంజిన్ ఎక్కడా లేదా అమ్మా?"

"ఒకటుండేది. మా అంబాసిడర్ నడిచే రోజుల్లో ఒకటి పోతే ఇంకోటి ఉండాలని రెండు ఇంజిన్లు ప్లేట్లతో సహా తయారు చేసుకున్నాడు. ఆ కారు కొన్నవాళ్లు రెండోది బరువని వదిలేసి పోయారు. పదకొండేళ్లు నూనె పూసి దాచాడయ్యా. నేనెంత పోరినా అమ్మనివ్వలేదు. ఆ కారు ఎవరి చేతిలో ఉన్నా ఏదో ఒక రోజు దీని అవసరం పడుద్ది, మన దగ్గర లేకపోతే వాళ్లు రోడ్డున పడతారు అనేవాడు."

"అదెక్కడుంది?"

"గురువారం పాత సామాన్ల బండికి వేసేశాం. అప్పుడే పగలగొట్టి లారీకెక్కించారంట. ఆసుపత్రికెళ్లినప్పుడు తెనాల్లో ఓ షెడ్డులో ఆ కారుని చేత్తో తడిమి పోల్చుకున్నాడంట బాబూ. ఇంజిన్ ఇస్తానంటే ఆ కారాయన నాకొద్దు, బండికేసుకో అన్నాడంట."

గంగరాజుకు నోట మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"ఇంతకీ మీరెవరు బాబూ?"

గంగరాజు సిగ్గుతో తల వంచుకుని వెనక్కి తిరిగాడు.

లోపల మంచం మీంచి మేస్త్రీ గొంతు వినపడింది.

"నాకు తెలుసు ఆ గొంతు. ఆ కారాయనే మున్నీసా. ఎండన పడి వచ్చాడు, కుర్చీ వెయ్యి."