పదిహేడో అంశం

"నా చేత్తో ఒక్క సంతకం పెట్టలేదు. నీ మీద ఒట్టు," అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"మరి వాడి కొట్టు ఎత్తెయ్యమని రాసిందెవరు?"

"కౌన్సిల్. మొన్నటి మీటింగులో పదిహేడో అంశం. బస్టాండు గోడ వెంట బడ్డీ కొట్ల తొలగింపు. నెలనెలా ఉండే మామూలు పనే. నువ్వు గోల చెయ్యకు."

మామూలు పనట. ఆ గోడ వెంట పదకొండు కొట్లున్నాయి. నాలుగోది ఆమె తమ్ముడిది. తాళంచెవులు చేస్తాడు, గొడుగులు బాగుచేస్తాడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, ఆమెకు పదమూడు. చంకనేసుకుని పెంచింది.

ఈ పొద్దున వాడు కొట్టులోకి దూరి లోపలినుంచి గొళ్ళెం పెట్టుకున్నాడు. ఆమె వెళ్ళి బతిమాలితే రేకు సందులోంచి ఒకటే మాట.

"కొట్టుతో పాటు నన్నూ లారీకెత్తుకోమనక్కా. ఇది పోయాక నేనుండి ఏం చెయ్యాలి?"

వాడు ఊరికే అనే మనిషి కాదు. అదే ఆమె భయం.

లారీ పన్నెండింటికి వస్తుంది. గోడ గడియారంలో పది దాటింది.

"ఊరంతా మెంబరుగారూ మెంబరుగారూ అంటూ మీ వెంట తిరుగుతుందే. సొంత బావమరిది కోసం ఒక్క ఫోను చెయ్యలేరా?"

"పది కొట్లు తీసి మావాడిదొక్కటీ ఉంచమంటే జనం ముఖాన ఉమ్మేస్తారు," అని స్కూటరు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుని, కౌన్సిల్ ఆఫీసుకు నడిచింది. నడిచిందనే గానీ, దాదాపు పరిగెత్తింది. ఇన్నేళ్ళలో ఆ మెట్లు ఎక్కింది ఒక్కసారే. అదీ భర్త వెనకాల.

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న అటెండరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అర్జీలు సోమవారం. ఎవరమ్మా మీరు?"

"మెంబరుగారి ఇంటినుంచి వచ్చాను."

అతను చటుక్కున లేచాడు. "ముందే చెప్పొద్దా అమ్మగారూ. పొద్దున సార్ స్కూటరు మీద పోతుంటే దణ్ణం పెట్టాను. చూసుకోలేదు."

"నేను ఎదురుగా నిలబడినా ఆయనకు కనపడను బాబూ. నువ్వెంత," అంది ఆమె, లోపలికి నడుస్తూనే.

కొట్ల ఫైళ్ళు చూసే గుమాస్తా పెద్దవాడు, నెమ్మదస్తుడు. అంతా విని కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఆగడానికి ఒకటే దారమ్మా. ఏ వార్డులో కొట్లు తీసినా ఆ వార్డు మెంబరు సమ్మతి పత్రం ఫైల్లో ఉండాలి. అది లేకపోతే లారీ కదలకూడదు. నేనే ఫోను చేసి ఆపిస్తాను."

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"అయితే చెయ్యండి. ఆయన సంతకం పెట్టలేదు. నా మీద ఒట్టేసి చెప్పారు."

"ఒట్లు ఫైల్లో పెట్టడానికి లేదు కదమ్మా. చూసి చేద్దాం. బీరువా తాళంచెవి సూపర్నెంటుగారి జేబులో ఉంది. ఆయన టీకి వెళ్ళారు."

"దీనికి రెండో చెవి ఉండాలి. చేసిచ్చింది మా తమ్ముడే."

"ఉండేది. అది ఆ బీరువాలోనే పెట్టి తాళమేశారు," అన్నాడు గుమాస్తా సిగ్గుపడుతూ.

ఆమె బీరువా ముందే నిలబడింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

పెళ్ళయ్యాక భర్త ఎన్ని అబద్ధాలాడాడో లెక్కలేదు. కానీ ఆమె మీద ఒట్టేసి ఎప్పుడూ ఆడలేదు. ఆ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడింది. నెలనెలా కౌన్సిల్ కాగితాల కట్ట తెచ్చి వంటింటి గట్టు మీద పరిచేవాడు. పొయ్యి మీద మూకుడు ఉండగానే గబగబా పేజీలు తిప్పేవాడు. వాటి మీద నూనె చుక్క పడితే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఆ కట్టలో ఈ కాగితం లేకపోతే చాలు.

పదకొండున్నరకు ఆమె చేతిలోని ఫోను మోగింది. తమ్ముడి పక్క కొట్లో చెప్పులు కుట్టే పెద్దాయన.

"అమ్మా, లారీ ముందే వచ్చేసింది. మొదటి కొట్టు లేపారు. మీవాడు ఉలకడు, పలకడు. తలుపు బాదినా తియ్యట్లేదు. ఏదో ఒకటి చెయ్యి తల్లీ."

"ఆగమనండి. కాగితం లేదు. ఆగమనండి," అంది.

అప్పుడొచ్చాడు సూపర్నెంటు, మూతి తుడుచుకుంటూ. తాళం తెరుచుకుంది. బీరువా మూలిగింది. గుమాస్తా ఫైలు దింపి, దుమ్ము దులపబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

"ముందు లారీవాళ్ళకు ఫోను కలపండి," అంది ఆమె. "కాగితం లేదని తెలిసిన మరుక్షణం చెప్పెయ్యాలి."

అతను నంబరు నొక్కి రిసీవరు భుజానికి ఆనించుకున్నాడు. రెండో చేత్తో ఫైల్లో కాగితాలు తిప్పాడు. పదిహేను. పదహారు. పదిహేడు.

అవతల ఎవరో హలో హలో అంటున్నారు. గుమాస్తా రిసీవరు పెట్టేసి, ఫైలును ఆమె వైపు తిప్పాడు.

భర్త వేసిన ఒట్టు నిజమే.

సమ్మతి పత్రం అడుగున, ఎండిన నూనె మరక పక్కన, నాలుగేళ్ళ కిందట వార్డు జనం ఓట్లేసి మెంబరుగా గెలిపించిన మనిషి సంతకం ఉంది, పొయ్యి దగ్గర నిలబడి తొందరలో పెట్టిన ఆమె సంతకమే.