కుడివైపు తిప్పితే

“మన నోట్లో మట్టి కొట్టారే చెల్లీ!” అంటూ అన్నయ్య ఒక కొత్త ఎల్‌ఈడీ లైటు తెచ్చి వర్క్‌షాపు బల్ల మీద పెట్టాడు. “వెలుగు తగ్గించుకునే నాబ్‌తో పెద్ద కంపెనీవాళ్ళు మార్కెట్లోకి దింపేశారు. ఇక నీ సర్క్యూట్ పక్కన పడేయ్.”

ఏడాదిగా ఆమె తల బద్దలు కొట్టుకుంటున్నది సరిగ్గా ఆ నాబ్ కోసమే.

ప్లగ్గు పెట్టి, నాబ్‌ను కుడివైపు తిప్పింది. పెరగాల్సిన వెలుగు తగ్గిపోయింది. ఎడమకు తిప్పితే పెరిగింది.

అన్నయ్య పకపకా నవ్వాడు. “అంత పెద్ద కంపెనీ! కుడి ఎడమలు కూడా తెలియవు వెధవలకి.”

“ఆ తప్పు వాళ్ళది కాదు, నాది. మొదటి లైటులో నాబ్ వైర్లు తారుమారుగా అతికించింది నేనే. ఆ సాయంత్రమే వదినకు చూపిస్తానని నువ్వు పట్టుకెళ్ళావు.”

అన్నయ్య నవ్వు ఆగిపోయింది. “అలాంటి పొరపాటు ఎవరైనా చేస్తారే...”

ఆమె ప్లగ్గు పీకేసి, లైటును అతని చేతుల్లో పెట్టింది.

“ఒక్కరోజు ఆగి అమ్ముకోవాల్సింది అన్నయ్యా. మర్నాడే సరిచేశాను.”